మీకెందుకండీ ప్రపంచ రాజకీయాలు?

మా ఇంటికి మగ చుట్టాలు నలుగురు వచ్చారంటే పావుగంటలో హాల్లో మూడో ప్రపంచయుద్ధం మొదలైపోతుంది. పుతిన్ ఏం చెయ్యాలో మా మరిది చెప్తాడు. ట్రంప్ ఏం చెయ్యకూడదో మా వారు చెప్తారు. మా చిన్నమావయ్యగారైతే ఇద్దర్నీ కూర్చోబెట్టి సంధి కూడా కుదిర్చేస్తారు, ఈలోపు పకోడీలు చల్లారకపోతే. ఒకసారి ప్లేటు అందిస్తూ నేనూ ఓ మాట అనబోయాను, ఉక్రెయిన్ గురించే. "అబ్బ, మీకెందుకు వదినా ఈ గొడవలన్నీ! ఇంకో వాయి ఉందా?" అన్నాడు మరిది. కసురుకుంటూ ఏం కాదు లెండి, ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండేది ఆ ప్రేమకే.

ఎందుకంటే ఆ పకోడీలు వేగే నూనె గొడవే అది.

మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. అందులో పొద్దుతిరుగుడు నూనె, యుద్ధానికి ముందు, ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచీ ఆ తర్వాత రష్యా నుంచీ వచ్చేది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలవగానే నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోయాయి. సరే, పామాయిల్‌తో సర్దుకుందాం అనుకునేలోపు ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ తీసే దేశం అది. అక్కడా నూనె ధర మండిపోయి ఆడవాళ్ళు క్యూల్లో నిలబడ్డారు, అందుకని. మళ్ళీ మే 23న వదిలారు. ఆవకాయకి మనం పప్పునూనె వాడతాం కాబట్టి ఆ ఏడు జాడీ వరకూ పరువు దక్కింది.

ఆ మూడు నెలలూ హాల్లో యుద్ధవ్యూహాలు నడుస్తుంటే వంటింట్లో వ్యూహం నేను నడిపాను. వేపుళ్ళు వారానికి ఒక్కసారి. పూరీలు పండక్కే. అప్పడాలు నూనెలో కాదు, పొయ్యి మీద కాల్చడమే. "ఈమధ్య కూరలు చప్పగా ఉంటున్నాయేంటి?" అని ఫిర్యాదు వచ్చింది, ఆ హాల్లోంచే. యుద్ధం గురించి అంత తెలిసిన మనుషులకి, అది కంచంలోకి వచ్చి కూర్చుంటే గుర్తుపట్టడం చేతకాలేదు. మా ఇంట్లో అయితే అది రుచి గొడవ. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఏ పూటకి ఆ పూట చిన్న ప్యాకెట్ కొనుక్కునే మనిషి. ఆవిడ ఇంట్లో అది పిల్లల కడుపు గొడవ.

గ్యాస్ సంగతి వేరే చెప్పాలా? మనం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే. అందులోనూ ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి, హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. ఇరాన్ దగ్గర ఎవరైనా తుమ్మితే నా స్టవ్ ఉలిక్కిపడాలి. అయినా నాకెందుకు!

2023లో ఇంకో చిత్రం. జులై 20న మన ప్రభుత్వం, ఇక్కడ బియ్యం ధర పెరగకుండా, బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. అంతే, అమెరికాలో ఇండియన్ షాపుల ముందు మనవాళ్ళు బారులు తీరారు. ట్రాలీల నిండా బస్తాలు. కొన్ని షాపులవాళ్ళు ఇంటికి ఒకటే బస్తా అని బోర్డు కూడా పెట్టేశారు. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఆఫీసుకి సెలవు పెట్టి మూడు షాపులు తిరిగాను వదినా, సోనా మసూరి లేనే లేదు" అంది. మరి అన్నయ్యగారు ఏం చేస్తున్నారమ్మా అని అడిగాను. మన దేశం ఎంత గట్టి నిర్ణయం తీసుకుందో వాట్సాప్ గ్రూపులో రాస్తున్నారట!

ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది నా గొడవ కాదు. ఇక్కడ బియ్యం కొనే మనిషిగా నాకు మేలే చేసి ఉండొచ్చు. కానీ మన బియ్యం కొనుక్కుని తినే దేశాలు ఆఫ్రికాలో ఉన్నాయి, బెనిన్, సెనెగల్ లాంటివి. వాటి పేరు ఏ హాల్లోనూ నేను వినలేదు. డాలస్ వాళ్ళు సోనా మసూరి లేకపోతే ఇంకో రకం తింటారు. అక్కడెక్కడో ఎవరో ఒకావిడ మాత్రం డబ్బా అడుగు తడిమి చూసుకుని, ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు వెనక్కి తీసే ఉంటుంది. ఆ నిషేధం తీసేసరికి 2024 సెప్టెంబరు 28 అయింది. పధ్నాలుగు నెలలు.

సరే, ఈ హాలు మేధావులకి ఇంత జ్ఞానం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఫోన్లోంచి. ఒక వీడియో చూస్తే అలాంటివే ఇంకో పది వరసగా వచ్చి పడతాయి. పూర్వం రచ్చబండ దగ్గర కనీసం అడ్డం తిరిగి మాట్లాడేవాడు ఒకడుండేవాడు. ఈ ఫోను అలా కాదు, మనం నమ్మిందే మళ్ళీ వేడిచేసి మనకే వడ్డిస్తుంది. నిన్నటి కూర వేడిచేసి పెడితే నన్నూరుకుంటారా?

నా చేతిలోనూ ఫోనుంది. అందులో ఏముంటాయి? గ్యాస్ ఓటీపీ. రేపు పసుపుపచ్చ చార్టు పంపమని రాత్రి తొమ్మిదిన్నరకి స్కూలు గ్రూపులో మెసేజి. డెలివరీ అబ్బాయిని లోపలికి పంపమంటారా అని అపార్ట్‌మెంట్ గేటు యాప్. రూత్ ష్వార్ట్జ్ కోవాన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లోనే 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని ఒక పుస్తకం రాశారు. ఇంట్లోకి ఎన్ని యంత్రాలొచ్చినా ఇల్లాలి పని తగ్గలేదని, శుభ్రతకి కొలతలు పెరిగాయని, అంతకుముందు సాయం పట్టే చేతులు పక్కకి తప్పుకున్నాయని చెప్పారు. పాపం, ఆవిడ అప్పటికి పది నిమిషాల డెలివరీ చూడలేదు. ఒకప్పుడు "పెరుగు అయిపోయింది" అంటే మాట అక్కడితో అయిపోయేది. ఇప్పుడు "ఆర్డర్ పెట్టకపోయావా?" అంటారు.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ఒకటుంది. జీతంలేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు వాటికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 'చేసే' మగవాళ్ళు, ఆ మాట గమనించండి! తేడా 201 నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై ఒక్క నిమిషం. ఈ లెక్క చూశాక నాకు హాల్లోని ఆ మేధస్సు మీద భయం పోయింది. రోజూ మూడు గంటలు ఎవరైనా నా చేతికి ఊరికే ఇస్తే పుతినేం ఖర్మ, ఆయన తాతముత్తాతల గురించి కూడా చెప్తాను.

ఇక మన మాట. "నాకు రాజకీయాలంటే ఇంట్రస్ట్ లేదండీ" అని మనమే కాస్త గర్వంగా చెప్పుకుంటాం, అదేదో నగలాగా. ఇక్కడే నాకు మగవాళ్ళ మీద కంటే మన మీద ఎక్కువ కోపం వస్తుంది.

2025 సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలన్నాడు, 21 నుంచి అమలు అన్నాడు. సరిగ్గా ఎంగిలిపూల బతుకమ్మ రోజు. పండక్కి బయల్దేరినవాళ్ళు ఎక్కిన విమానం దిగిపోయారు, ముందే వచ్చినవాళ్ళు వెనక్కి పరుగెత్తారు. మర్నాడు తీరిగ్గా, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదన్నారు. ఆ రెండు రోజులూ ఏ టీవీ పెట్టినా అబ్బాయిల ఉద్యోగాల గురించే. వాళ్ళ చెయ్యిపట్టుకుని వెళ్ళిన అమ్మాయిల మాట ఎవరూ ఎత్తలేదు.

హెచ్-1బి భార్యకి వచ్చేది హెచ్-4. 2015 మే వరకూ దాని మీద ఉద్యోగం చెయ్యనిచ్చేవారు కాదు. ఒబామా హయాంలో తలుపు కాస్త తెరిచారు, అదీ భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటితేనే. ఎక్కువమందికి ఆ దశ అంటే ఐ-140 అనే కాగితం ఆమోదం పొందడం. ఆ కాగితం పెట్టాల్సింది భర్త పనిచేసే కంపెనీ. అంటే మనం ఎంసెట్‌కి లక్షలు పోసి చదివించిన పిల్ల పొద్దున్నే లేచి ఉద్యోగానికి వెళ్ళాలా వద్దా అన్నది, తన చేతిలోనూ కాదు, మొగుడి చేతిలోనూ కాదు.

మా చెల్లెలి వరస అమ్మాయి ఒకతి ఎమ్‌టెక్ చేసి, 2012లో పెళ్ళిచేసుకుని వెళ్ళింది. ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. మొదట్లో సర్టిఫికెట్ల ఫైలు అల్మారా పై అరలో ఉండేదట. తర్వాత సూట్‌కేసులోకి వెళ్ళింది. "దానికేం, మహారాణిలా కూర్చుంది" అని ఇక్కడ అందరం అనుకున్నాం. పెళ్ళికి ముందు జీతం అడిగారు, పొలం అడిగారు, గోత్రం అడిగారు, అబ్బాయి వీసా ఏమిటో కూడా అడిగారు. అమ్మాయికి ఏ వీసా వస్తుంది, దాని మీద ఏం చెయ్యనిస్తారు అని అడగడం ఎవరికీ తట్టలేదు. అడగాల్సిన వాళ్ళమ్మకి రాజకీయాలంటే ఇంట్రస్ట్ లేదు.

మొన్న నా స్నేహితురాలు వాళ్ళమ్మాయికి ఒక సంబంధం మాట్లాడుతూ వీడియో కాల్లో సూటిగా అడిగేసింది, "బాబూ, మీ ఐ-140 ఎంతవరకు వచ్చింది?" అని. అబ్బాయి తండ్రి మొహం చూడాల్సిందట. "అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం లెండి" అన్నారాయన. అబ్బాయి మాత్రం మర్యాదగా, "ఇంకా మొదలుపెట్టలేదు ఆంటీ, వచ్చే ఏడాది చూస్తామన్నారు" అన్నాడు. అయితే మా అమ్మాయి ఇక్కడి ఉద్యోగం వదలదు, మీ కాగితం వచ్చాకే ముహూర్తం అని ఇది చెప్పేసింది.

మర్నాడు పొద్దున్నే అబ్బాయి తల్లి విడిగా ఫోన్ చేసిందట. సంబంధం చెడిందనే అనుకుంటూ ఎత్తింది ఇది. ఆవిడ గొంతు తగ్గించి, "వదినగారూ, నిన్న మీరడిగారే, ఆ ఐ-140, అదేంటో నాకు కాస్త వివరంగా చెప్తారా? మా అమ్మాయికి కూడా అమెరికా సంబంధమే చూస్తున్నాం" అందట.