‘బట్’ కింద గీత

మొన్నామధ్య మా అమ్మాయి స్కూలు నుంచి ఒక వర్క్‌షీట్ పట్టుకొచ్చింది. మూడో క్లాసు. కంజంక్షన్ల కింద గీత గీయాలి, ఇంటర్‌జెక్షన్ల చుట్టూ సున్నా చుట్టాలి. పది వాక్యాల్లో తొమ్మిది ఒప్పు, ఒకటి తప్పు. నేను ఆ తప్పు దగ్గరే ఆగిపోయాను.

‘వుయ్ వాష్ అవర్ హ్యాండ్స్ బిఫోర్ వుయ్ ఈట్’ అన్న వాక్యంలో ‘బిఫోర్’ కింద గీసిన గీతకి టిక్కు పడింది. దాని కిందే ‘వుయ్ వాష్ అవర్ హ్యాండ్స్ బిఫోర్ లంచ్’. అక్కడా ‘బిఫోర్’ కింద గీసింది. ఎర్ర సిరాతో ఇంటూ, పక్కన ‘ప్రిపోజిషన్’ అని దిద్దుబాటు. “రెండూ ఒకటే కదా నాన్నా?” అంది. “మేడమ్ ఎలా చెప్తే అలా రాయమ్మా” అన్నాను. అలా అన్నందుకు సిగ్గుపడి రాస్తున్న వ్యాసం ఇది.

ఎందుకంటే పిల్ల అన్నది నిజం. డేనిష్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1924లో ‘ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అనే పుస్తకంలో సరిగ్గా ఈ గొడవే పెట్టుకున్నాడు. ఆయన వాదం నా మాటల్లో చెప్తాను. ‘ఐ నో’, ‘ఐ నో హిమ్’, ‘ఐ నో హీ ఈజ్ హియర్’. మొదటిదాంట్లో ‘నో’ తర్వాత ఏమీ లేదు, రెండోదాంట్లో ఒక మాట ఉంది, మూడోదాంట్లో ఏకంగా ఒక వాక్యమే ఉంది. అయినా మూడుచోట్లా దాన్ని క్రియ అనే అంటాం. మరి ‘బిఫోర్’ ఒంటరిగా వస్తే అడ్వర్బ్, మాట ముందు వస్తే ప్రిపోజిషన్, వాక్యం ముందు వస్తే కంజంక్షన్ అని మూడు పేర్లెందుకు? అడ్వర్బ్, ప్రిపోజిషన్, కంజంక్షన్, ఇంటర్‌జెక్షన్ నాలుగింటినీ కలిపి ఆయన ‘పార్టికల్స్’ అన్నాడు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జి గ్రామర్‌లో హడల్‌స్టన్, పుల్లమ్ ‘బిఫోర్’ని మూడుచోట్లా ప్రిపోజిషన్‌గానే లెక్కేశారు. వాళ్ళ లెక్కలో మా అమ్మాయి పెట్టిన పేరు తప్పే కావచ్చు. కానీ రెండూ ఒకటే అన్న ఆమె చెవి తప్పు కాదు. మనం ఎర్ర ఇంటూ కొట్టింది ఆ చెవికి.

నా వృత్తి నుంచి ఒక సాక్ష్యం. ఇంగ్లీషు వాక్యంలో ప్రతి మాటకీ వ్యాకరణం ముద్ర వేసే ప్రోగ్రాములు చాలావరకు ‘పెన్ ట్రీబ్యాంక్’ అనే ముద్రల పట్టిక మీద పెరిగాయి. విరామచిహ్నాలు వదిలేస్తే అందులో 36 ముద్రలు. ‘అండ్’, ‘బట్’ లాంటివాటికి ఒక ముద్ర, ఇంటర్‌జెక్షన్లకి ఒక ముద్ర. ప్రిపోజిషన్‌కీ, ‘బిఫోర్ వుయ్ ఈట్’ లాంటి కంజంక్షన్‌కీ మాత్రం కలిపి ఒకటే ముద్ర! యంత్రం కోసం పట్టిక రాసినవాళ్ళు కలిపేసిన దాన్ని మూడో క్లాసు పిల్ల విడదీయకపోతే మార్కు పోతుంది.

ఇక ఇంటర్‌జెక్షన్ సంగతి. డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద ఉన్న పాత గ్రీకు వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది. అందులో ఆర్టికల్ ఉంది గానీ ఇంటర్‌జెక్షన్ లేదు. ఆ పద్ధతిని రోమన్లు లాటిన్‌కి తెచ్చుకున్నారు. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. ఎనిమిది ఏడయింది. ఇంటర్‌జెక్షన్‌ని విడిగా తీసి ఆ ఖాళీలో కూచోబెట్టారు, లెక్క మళ్ళీ ఎనిమిదయింది. 1795లో లిండ్లీ మరే ఇంగ్లీషు వ్యాకరణంలో ఆర్టికల్ కూడా కలిసి తొమ్మిది. మన ఇళ్ళలో అట్టలు ఊడిపోయిన రెన్ అండ్ మార్టిన్‌లో మళ్ళీ ఎనిమిది. ఈ లెక్కలు ప్రకృతి గీసిన గీతలేం కావు, అవసరాన్ని బట్టి మనుషులు చేసుకున్న సర్దుబాట్లు. ఆ మాటకొస్తే మన తెలుగు వాచకాలు భాషాభాగాలు అయిదే అంటాయి. ‘కానీ’, ‘అయ్యో’ రెండూ అవ్యయాలే. యెస్పర్సన్ పోట్లాడి కట్టిన మూట మన దగ్గర ముందునుంచీ ఉంది. తెలుగు పీరియడ్‌లో ఒకే మూటలో ఉన్నవి ఇంగ్లీషు పీరియడ్‌లో ఎందుకు విడిపోయాయో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాకు ఈ వర్క్‌షీట్లు భలే వచ్చేవి. ‘హుర్రే’ వస్తే సంతోషం, ‘అలాస్’ వస్తే విచారం, వెనక ఆశ్చర్యార్థకం ఉంటే సున్నా చుట్టడమే. పదికి పది. ఇంగ్లీషువాళ్ళతో పనిచేస్తున్న ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ‘అలాస్’ అనగా వినలేదు. నేను విన్నది ‘వెల్...’.

ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లయింట్‌తో కాల్. శుక్రవారానికి పని అయిపోతుందని చెప్పాను. అటువైపు నుంచి “వెల్...” అన్నాడు, ఓ క్షణం ఆగాడు, తర్వాత ఏదో మర్యాదగా మాట్లాడాడు. ఒప్పుకున్నాడనుకుని సంబరపడ్డాను. సోమవారం తెలిసింది, ఆ ‘వెల్’కి అర్థం ‘కుదరదు’ అని. పదేళ్ళపాటు ఇంటర్‌జెక్షన్లకి సున్నాలు చుట్టినవాడికి, తన చెవిలో పడ్డ ఇంటర్‌జెక్షన్ అర్థం కాలేదు. డెబొరా షిఫ్రిన్ 1987లో రాసిన ‘డిస్కోర్స్ మార్కర్స్’ పుస్తకం నాకు చాలా ఆలస్యంగా దొరికింది. ఆమె అందులో పదకొండింటిని పట్టుకుని పరిశీలించింది: ఓ, వెల్, అండ్, బట్, ఆర్, సో, బికాజ్, నౌ, దెన్, యు నో, ఐ మీన్. ఒకసారి ఆ వరస చూడండి. మన వర్క్‌షీట్‌లో ఒకటి గీతకీ ఇంకొకటి సున్నాకీ పోయేవన్నీ అక్కడ ఒకే బల్ల మీద ఉన్నాయి. మాట ఎటు తిరుగుతోందో, ఎవరు ఎవరిని ఆపుతున్నారో, ఎవరు ఒప్పుకోవట్లేదో చెప్పేవి ఇవే. పాఠంలో చిట్టచివర, పరీక్షల హడావుడిలో అరగంటలో ముగించేవీ ఇవే.

అసలు నా కడుపుమంట ‘బట్’ గురించి. మొదటి ఉద్యోగంలో ఒక మీటింగులో మా లీడ్ నన్ను పైవాళ్ళకి పరిచయం చేస్తూ, “హీ ఈజ్ ఫ్రమ్ తెలుగు మీడియం, బట్ హీ ఈజ్ గుడ్” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి థాంక్యూ చెప్పాను.

ప్రోగ్రాములు రాసేవాళ్ళని అడగండి, ‘అండ్’కి గుర్తు ఉంది, ‘ఆర్’కి ఉంది, ‘బట్’కి లేదు. అక్కర్లేదు. ‘అతను తెలుగు మీడియం, అతను మంచి పనివాడు’ అన్న రెండూ నిజమైతే తర్కానికి ‘అండ్’ చాలు. ‘బట్’ అదనంగా తెచ్చేది మాట్లాడేవాడి అంచనా: తెలుగు మీడియంవాడు మామూలుగా పనికిరాడు. ఆ అంచనాని నోరు విప్పి వేరే వాక్యంగా అంటే ఎవరైనా అడ్డం తిరిగేవాళ్ళు. మూడక్షరాల ‘బట్’లో పెడితే ఎవరికీ కనపడదు, అవమానపడ్డవాడే థాంక్యూ చెప్తాడు. ఆ రోజు ఆ వాక్యం కాగితం మీద ఇచ్చి కంజంక్షన్ గుర్తించమంటే అర సెకనులో గీత గీసేవాణ్ణి. దాన్ని వినడం మాత్రం నాకెవరూ నేర్పలేదు.

ఈ గీతల చదువు సాహిత్యంలోకీ వచ్చింది. ఇంగ్లీషు నుంచి వచ్చే అనువాదాలు తెరిచి చూడండి. ‘బట్’ కనిపిస్తే ‘కానీ’, ‘అండ్’ కనిపిస్తే ‘మరియు’, ‘ఓ’ కనిపిస్తే ‘ఓహ్’. గుర్తించడం, పక్కన పెట్టిన మాట దించడం. తెలుగులో కలపడానికి ప్రతిసారీ విడిగా ఒక మాట కావాలా? ‘అమ్మా నాన్నా వచ్చారు’ అని దీర్ఘం తీస్తే కలుస్తుంది. ‘తిని పడుకున్నాడు’ అంటే క్రియే కలుపుతుంది. పాత కావ్యాల్లో ‘మఱియు’ లేదా అంటారేమో, ఉంది. అక్కడ అది ఒక పద్యం అయ్యాక ‘ఇంకా వినండి’ అని కథ నడిపించే మాట, ఉప్పుకీ కారానికీ మధ్య పెట్టే మాట కాదు. అలాగే ఒక పాత్ర ‘వెల్’ అంటే ఆ చోటుని బట్టి ‘సరే’ అవ్వొచ్చు, ‘అంటే...’ అవ్వొచ్చు, ‘అబ్బే’ అవ్వొచ్చు, ఉత్త మౌనం కూడా అవ్వొచ్చు. ఆ పాత్ర ఎందుకు తటపటాయిస్తోందో వినిపించుకోని అనువాదకుడు ఎంత పెద్ద నిఘంటువు దగ్గర పెట్టుకున్నా ఏం లాభం?

పేర్లు తెలియకుండా వ్యాకరణం ఎలా చెప్తారు, పోటీ పరీక్షల్లో ఇవే అడుగుతారు కదా అంటారు. అడుగుతారు, నిజమే. ఆ పరీక్షలు రాసే నేనూ ఇక్కడిదాకా వచ్చాను. పేర్లు వద్దనడం లేదు, పేరు దగ్గరే పాఠం ఆపేయొద్దంటున్నాను. ముద్రలు వేయడం ఇప్పుడు యంత్రాలు చిటికెలో చేస్తున్నాయి. పిల్లల్ని అడగాల్సింది వేరే ఉంది. ఈ ‘బట్’ తీసి ‘అండ్’ పెట్టు, ఏం మారింది? ఈ మాట ఎవరికి నొప్పి కలిగిస్తుంది? ‘ఓ, యు కేమ్’ అన్న మనిషి సంతోషపడుతున్నాడా, విసుక్కుంటున్నాడా? ఏ గొంతుతో చదివితే ఏది? ఇలాంటివి నాలుగు అడిగితే పీరియడ్ అయిపోతుంది, మార్కులు వేయడం కష్టమవుతుంది. అసలు అడ్డంకి అదేనని నా అనుమానం. గీతకీ సున్నాకీ మార్కులు వేయడం తేలిక.

ఆ రాత్రి మా అమ్మాయిని మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాను. నువ్వు అన్నది కరెక్టే, రెండు ‘బిఫోర్’లూ ఒకటే పని చేస్తున్నాయి, పెద్ద పెద్దవాళ్ళు కూడా అలాగే అన్నారని చెప్పాను. కాసేపు వర్క్‌షీట్‌ వైపూ నా వైపూ చూసింది. “మరి మేడమ్‌కి చెప్తావా?” అంది.

వర్క్‌షీట్ మీద సంతకం పెట్టి, కింద నాలుగు లైన్లు మర్యాదగా రాసి పంపాను. రెండు వారాలయింది. జవాబు రాలేదు. ఈలోగా ఇంకో వర్క్‌షీట్ వచ్చింది, ఈసారి అడ్వర్బుల మీద.