మాడ్యూల్ మార్చమంటారు.. తప్పెక్కడుందో చెప్పరు

సూరత్‌కు వరద కొత్త కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచేసింది. నది శాంతంగా ఉన్న ఏళ్లలోనూ భారీ వర్షం పడితే ఖాడీలుగా పిలిచే వాగులు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వంటి ప్రాంతాల్లోకి నీళ్లు వస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నది కూడా లింబాయత్‌లోనే.

వరద నీళ్లు ఇంట్లోంచి పోయినంత తేలిగ్గా కారులోంచి పోవు. ఇంజిన్ బాగానే స్టార్టవుతుంది. రెండు మూడు వారాల తర్వాత తలుపులు వాటంతటవే లాక్ పడటం, వైపర్లు ఆగకుండా తిరగడం, ఇండికేటర్లు వెలగకపోవడం, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం మొదలవుతాయి. షోరూమ్ వర్క్‌షాప్‌కు తీసుకెళితే తరచూ వినిపించే మాట ఒకటే: ‘బీసీఎం పోయింది, మార్చాలి.’ నిజంగా పోయిందా, లేదా అన్నది తేల్చుకునే మార్గం మాత్రం యజమానికి ఉండదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడలో వాహనాలు నీట మునిగినవారికీ ఇదే ప్రశ్న.

బీసీఎం అంటే..

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. ఒకప్పుడు హెడ్‌లైట్ స్విచ్ నుంచి బల్బు దాకా నేరుగా వైరు ఉండేది. ఇప్పుడు స్విచ్ ఒక సంకేతం మాత్రమే పంపుతుంది, లైటు వెలిగించాలా వద్దా అన్నది బీసీఎం నిర్ణయిస్తుంది. లైట్లు, హారన్, వైపర్లు, అద్దాలు, సెంట్రల్ లాక్ వంటివన్నీ దాని చేతిలోవే. చాలా మోడళ్లలో దొంగతాళాన్ని గుర్తించి ఇంజిన్‌ను ఆపే ఇమ్మొబిలైజర్ పనిలోనూ దానికి భాగం ఉంటుంది. చాలా కార్లలో ఈ పెట్టె డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే సీటు ఎత్తుకు నీళ్లొస్తే మొదట తడిసేవాటిలో ఇదొకటి.

తడిసినదల్లా పాడైనట్టు కాదు. కనెక్టర్ పిన్నులకు పచ్చగా తుప్పు పట్టినా, బాడీకి బిగించిన ఎర్త్ వైరు వదులైనా, ఒక ఫ్యూజు పోయినా, బ్యాటరీ బలహీనపడినా లక్షణాలు అచ్చం బీసీఎం పోయినట్టే ఉంటాయి. మంచి మెకానిక్ అందుకే పెట్టె జోలికి చివరగా వెళ్తాడు. బండి ఆపినప్పుడు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతోందా, ఫ్యూజులు, ఎర్త్‌లు సరిగా ఉన్నాయా అని ముందు చూస్తాడు. మాడ్యూళ్లు పరస్పరం మాట్లాడుకునే రెండు క్యాన్ వైర్ల మధ్య, బ్యాటరీ కనెక్షన్ తీసి మీటరు పెడితే సాధారణంగా 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే వైరు ఎక్కడో తెగినట్టు, సున్నాకు దగ్గరైతే రెండు వైర్లూ కలిసిపోయినట్టు అనుమానించాలి. స్కానర్‌లో యూ0140 అనే కోడ్ వస్తే బీసీఎంతో సంబంధం తెగిందని అర్థం. ఎందుకు తెగిందో ఆ కోడ్ చెప్పదు. కరెంటు, ఎర్త్, క్యాన్ వైర్లు మూడూ పెట్టె దాకా సవ్యంగా అందుతున్నా అది పలకకపోతేనే తప్పు దానిదని తేలుతుంది.

ఈ వరుసలో సగం పని పది నిమిషాల్లో, మామూలు మీటరుతో అవుతుంది. మిగతా సగానికి ఆ మోడల్ వైరింగ్ పటం, కంపెనీ స్కానర్ కావాలి. చిక్కుముడి అక్కడే.

చట్టం తెరిచింది ఒక్క కిటికీ

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు ఏ స్కానర్ పెట్టినా కారు జాతకం మొత్తం బయటపడుతుందని చాలామంది నమ్మకం. వాస్తవం వేరు. మన దేశంలో ఓబీడీ నిబంధనలు కాలుష్య నియంత్రణలో భాగంగా వచ్చాయి. అందరూ చదవగలిగేలా ఉండాలని అవి కోరింది ఉద్గారాలకు సంబంధించిన సమాచారాన్నే. తలుపులు, లైట్లు, తాళాల సంగతి ఆ పరిధిలో లేదు. కంపెనీలు అక్కడ సొంత కోడ్‌లు, సొంత సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు. పొగ గురించి వీధి చివరి మెకానిక్ స్కానర్‌తోనూ మాట్లాడే కారు, తాళం గురించి కంపెనీ స్కానర్‌తోనే మాట్లాడుతుంది.

పెట్టె మార్చేటప్పుడు ఈ గోడ మరింత ఎత్తవుతుంది. బీసీఎం బల్బు లాంటిది కాదు, తీసి పెట్టగానే పనిచేయదు. కారు ఏ వేరియంటో, ఏ సదుపాయాలున్నాయో కొత్త మాడ్యూల్‌లో కోడింగ్ చేయాలి. చాలా మోడళ్లలో ఛాసిస్ నంబరు నమోదు చేసి, ఉన్న తాళాలన్నిటినీ మళ్లీ జత చేయాలి. ఈ పని మధ్యలో బ్యాటరీ వోల్టేజి పడిపోతే కొత్త మాడ్యూల్ కూడా మొండికేస్తుంది. పాత కారులోంచి తీసిన సెకండ్ హ్యాండ్ బీసీఎం, అదే పార్ట్ నంబరుదైనా, మొదటి కారు ఛాసిస్ నంబరుతో ముడిపడి ఉంటే నేరుగా పనిచేయదు. అంటే కస్టమర్ బిల్లులో విడిభాగం ధరతో పాటు, దాన్ని కారుకు పరిచయం చేసే అనుమతి ధర కూడా కలిసి ఉంటుంది.

బీమా లెక్క

వరద బాధితుల విషయంలో ఇది కొన్ని వేల రూపాయల గొడవతో ఆగదు. మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో, అంటే బీమా పత్రంలో ప్రకటించిన విలువలో, 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కించడం మన మోటారు బీమాలో ఉన్న పద్ధతి. కొన్నేళ్లు నడిచిన చిన్న కారు విషయంలో, తడిసిన ప్రతి మాడ్యూల్‌నూ అంచనాలో చేరిస్తే ఆ గీత దాటడం తేలిక. తుడిచి, ఆరబెట్టి, రెండు కనెక్టర్లు మారిస్తే నడిచే బండి తుక్కు లెక్కలోకి వెళ్లే ప్రమాదం ఉంది. దాని మీద బతికే ట్యాక్సీ డ్రైవరుకు అది ఉపాధి ప్రశ్న. మరోవైపు తుప్పు నెమ్మదిగా పనిచేస్తుంది. క్లెయిమ్ ముగిశాక బీసీఎం నిజంగానే చెడిపోతే, అది వరద వల్లే అని నిరూపించే కాగితం యజమాని దగ్గర ఉండదు. రెండు వైపులా నష్టపోయేది, తప్పు ఎక్కడుందో రాతపూర్వకంగా తెలుసుకోలేని మనిషే.

2014లోనే తేలిన సంగతి

ఇది కొత్తగా బయటపడిన అన్యాయం కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.64 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశారన్నది కమిషన్ నిర్ధారణ. వాటిని బహిరంగ మార్కెట్‌లో అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల అప్పీళ్లలో కమిషన్ నిర్ధారణను సమర్థిస్తూనే జరిమానాను తగ్గించింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసి, ఆటోమొబైల్స్‌ను నాలుగు ప్రాధాన్య రంగాల్లో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ మొదలైంది. పోర్టల్ సమాచారం ఇస్తుంది, ఆదేశించలేదు. ఆదేశించాలంటే చట్టం కావాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. 2020లో ఓటర్లు దాన్ని, కారు నుంచి వైర్‌లెస్‌గా వెళ్లే సమాచారానికీ విస్తరించారు.

కంపెనీల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. తాళాల సమాచారం ఎవరి చేతికైనా వెళితే దొంగలకు దారి చూపినట్టే. అయితే దానికీ జవాబు ఉంది. యూరప్‌లో సెర్మి పేరిట, అమెరికాలో నాస్ట్ఫ్ అనే సంస్థ ద్వారా, నేపథ్యం పరిశీలించి గుర్తింపు పొందిన స్వతంత్ర మెకానిక్‌లకే భద్రతా సమాచారం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ బండి తాళం జత చేశారో నమోదవుతుంది. దొంగను ఆపడానికి మెకానిక్‌లందరినీ బయట నిలబెట్టనక్కర్లేదు.

మన దగ్గర చట్టం వచ్చేదాకా కూడా కొన్ని పనులు ఆగనక్కర్లేదు. వరదలో మునిగిన బండికి స్విచ్ వేయకుండా బ్యాటరీ తీయించడం, మరమ్మతుకు ముందు స్కానర్ చూపిన కోడ్‌ల ప్రింటు అడగడం, బీసీఎం మార్చాలంటే కరెంటు, ఎర్త్, క్యాన్ పరీక్షల ఫలితాలు రాసివ్వమనడం, తీసిన పాత పెట్టెను చూపమనడం యజమాని చేయగలిగినవి. ఈ నాలుగింటిలో రెండోదాన్నీ మూడోదాన్నీ వరద క్లెయిముల్లో తప్పనిసరి చేస్తే సర్వేయరుకూ ఆధారం దొరుకుతుంది. దీనికి బీమా నియంత్రణ సంస్థ నుంచి ఒక సర్క్యులర్ చాలు. మిగిలిన సగం, అంటే వైరింగ్ పటం, కోడింగ్ సాఫ్ట్‌వేర్ న్యాయమైన ధరకు అందడం, పార్లమెంటు చేతిలో ఉంది. 2014 నాటి ఆదేశం చెప్పిందీ అదే.