ఏ ఆట చవక? ముందు ఈ లెక్క వేయండి

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూలుకు క్రికెట్ కిట్ వచ్చింది. ఆ ఏడాది ఆటల సామాను మొత్తం అదే. దాంతో ఆడింది పదిహేను మంది అబ్బాయిలు. మిగతావాళ్లం గోడ మీద కూర్చుని చప్పట్లు కొట్టాం. అమ్మాయిలైతే ఆ పీరియడ్‌లో క్లాసు దాటి బయటికే రాలేదు. అదే ఏడాది వాలీబాల్‌లో సెలక్ట్ అయిన నా ఫ్రెండ్ టోర్నీకి వెళ్లలేకపోయాడు. బస్సు చార్జీ, భోజనం ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేలలేదు మరి!

ఇంజినీరింగ్ చదివాక ఏదైనా ఎక్సెల్ షీట్‌లో పెట్టి చూడటం అలవాటైంది. ఆటల ఖర్చునూ అలాగే చూద్దాం.

సమగ్ర శిక్ష కింద ఆటల సామానుకు ఏడాదికి ప్రైమరీ స్కూలుకు రూ.5,000, అప్పర్ ప్రైమరీకి రూ.10,000, హైస్కూలుకు రూ.25,000 వరకు ఇస్తారు. మీ హైస్కూల్లో 500 మంది ఉన్నారనుకోండి. తలకు ఏడాదికి 50 రూపాయలు. ఇంతే బడ్జెట్!

ఇప్పుడు ఆటలు చూడండి. కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేల చాలు, ఒకేసారి 14 మంది ఆడొచ్చు. ఖోఖోకి రెండు స్తంభాలు పాతితే సరి. వాలీబాల్‌కు ఒక నెట్, ఒక బంతి, 12 మంది. ఫుట్‌బాల్‌కు బంతి ఒక్కటే, కానీ పెద్ద మైదానం కావాలి. లెదర్ బాల్ క్రికెట్‌కు పెద్ద మైదానంతో పాటు ప్యాడ్లు, హెల్మెట్లు, త్వరగా అరిగిపోయే బంతులు కావాలి. మంచి విల్లో బ్యాటు ఒక్కటే వేలల్లో ఉంటుంది.

సామాను ధర సగం లెక్కే. మిగతా సగం నీళ్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. పచ్చగడ్డి మైదానం అంటే ఎండాకాలమంతా బోరో, ట్యాంకరో ఉండాల్సిందే. హాకీలో నీటితో తడిపే సింథటిక్ టర్ఫ్ అయితే మ్యాచ్‌కు ముందు తడపాలి. కబడ్డీ నేలకు దుమ్ము లేవకుండా నాలుగు బిందెలు చల్లితే చాలు.

‘మరి మన జిల్లా నుంచే క్రికెటర్లు వచ్చారు కదా?’ అంటారు. నిజమే. బారెడ్డి అనూష 2023లో బంగ్లాదేశ్‌పై భారత్ తరఫున ఆడింది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో జరిగాయి. అయితే ఆ మైదానం, అకాడమీ వెనక ఉన్నది 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న ఆర్డీటీ సంస్థ. ఆ ఖర్చు ఏ ఊరి హైస్కూలూ మోయలేదు. క్రికెట్ వద్దని కాదు నేననేది. పదిహేను మంది కోసం 485 మందిని గోడెక్కించొద్దంటున్నాను.

అందుకే మీరు కాలేజీ స్పోర్ట్స్ కమిటీలో ఉన్నా, ఊరి స్కూలు పూర్వ విద్యార్థి అయినా, ఒక షీట్ తెరవండి. ఒక్కో ఆటకు ఐదు కాలమ్‌లు పెట్టండి: సామాను, నీళ్లు, ప్రయాణం, ఎంతమంది ఆడతారు, అందులో అమ్మాయిలెందరు. మొదటి మూడింటి మొత్తాన్ని ఆడేవాళ్ల సంఖ్యతో భాగించండి. వచ్చిందే ఆ ఆట అసలు ధర. ధరలు మీ ఊరి షాపులోనే అడగండి.

ఆ షీట్ తీసుకుని హెడ్మాస్టర్ దగ్గరికో, ప్రిన్సిపాల్ దగ్గరికో వెళ్లండి. పూర్వ విద్యార్థులు చందా వేసుకుంటే మాత్రం కిట్ కొనకండి. ఆ డబ్బు బస్సు చార్జీలకు పక్కన పెట్టండి. సెలక్ట్ అయిన పిల్లాడు ఇంట్లో కూర్చోవడం కన్నా ఖరీదైన ఆట ఇంకోటి లేదు.