తొమ్మిదికి గేటు పడుద్ది

ముక్కూ మొహం తెలియని పదిమంది. బయట కుండపోత వాన. రోడ్లు మునిగిపోయాయి, ఫోన్ లైన్లు తెగిపోయాయి. దిక్కులేక అందరూ ఒకే మోటల్‌లో చేరారు. రాత్రి గడిచేకొద్దీ ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. శవం దగ్గర ఒక గది తాళంచెవి దొరుకుతుంది. ముందు 10, ఆ తర్వాత 9...

2003లో జేమ్స్ మ్యాన్‌గోల్డ్ తీసిన హాలీవుడ్ సినిమా 'ఐడెంటిటీ' ఇది. క్లైమాక్స్ చెప్పను, తిట్టుకుంటారు.

ఈ ఫార్ములాకి అమ్మమ్మ అగాథా క్రిస్టీ. 1939లోనే ఓ నవలలో పదిమందిని దీవిలో ఇరికించేసింది. హిందీలో 1965లో 'గుమ్‌నామ్' వచ్చింది. మనకి 2011లో 'గగనం'. హైజాక్ అయిన విమానం తిరుపతిలో దిగుతుంది, ప్రయాణికులంతా లోపలే. హంతకుడెవరన్న ప్రశ్న లేదుగానీ, ఇరుక్కున్న కొత్త మనుషుల కథే అదీను.

నేను 'ఐడెంటిటీ' చూసింది మాత్రం దోర్నాల చెక్‌పోస్టు దగ్గర, ఆగిపోయిన బండిలో.

మాది మార్కాపురం. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ సంగతి మా వైపు అందరికీ తెలుసు. అదంతా నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, దేశంలోకెల్లా పెద్దది. జంతువులు బళ్లకింద పడకూడదని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఎవర్నీ పోనివ్వరు. మొన్న డిసెంబర్లో దారిలో టైరు పంచరై, మేం చేరేసరికి 9 దాటి పది నిమిషాలు. గేటు పడిపోయింది. షేరింగ్ బండిలో పదకొండు మందిమి. ఎవరికి ఎవరూ తెలీదు.

డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్న సినిమా తీశా. రెండో హత్య జరిగింది. అప్పుడే పక్కసీటు పెద్దాయన భుజం తట్టాడు. తలకి తువ్వాల, కాళ్ల దగ్గర పెద్ద గోతాం, చేతిలో నంబరు రాసిన చీటీ.

"అబ్బయ్యా, నా సెల్లు ఆగిపోయింది. ఒక్క ఫోను చేసుకుంటా, ఇస్తావా?"

అసలే ఓటీపీ మోసాల కాలం. పైగా నా బుర్రలో సినిమా తిరుగుతోంది. ఆ గోతాంలో ఏముందో ఎవరికి తెలుసు?

"ఛార్జింగ్ లేదు పెద్దాయనా" అన్నా. 62 శాతం ఉంది.

సరేలే అన్నట్టు తలూపాడు. ఒకసారి కాదనిపించుకున్నాక ఇంకెవర్నీ అడగలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను దుప్పటి ముసుగేసుకుని మిగతా సినిమా చూశా. దుప్పట్లోంచి వచ్చే ఆ వెలుగు పక్కనున్నాయనకి కనపడదా? అప్పుడు తట్టలేదు.

పొద్దున గేటు తీశారు. శ్రీశైలం బస్టాండ్లో దిగేసరికి ఆయన అల్లుడు బైకుతో ఉన్నాడు, సున్నిపెంట నుంచి వచ్చాడట. "రాత్రి పన్నెండు దాకా ఈడే ఉన్నా మామా. నీ ఫోన్ కలవకపాయె. ఇంటికాడ ఆమె ఒకటే ఏడుపు" అంటున్నాడు. గోతాం మూతి విప్పి చూపించాడు పెద్దాయన. కూతురికోసం తెచ్చిన అనపకాయలు.

బైకెక్కుతూ నన్ను చూసి, "సెల్లుకి ఛార్జింగ్ పెట్టుకున్నావా అబ్బయ్యా?" అన్నాడు. వెటకారం అయితే బాగుండేది. మామూలుగానే అడిగాడు.

ఇలాంటి సినిమాల్లో డైరెక్టర్ ముందుగా చేసే పని ఫోన్లు పనిచేయకుండా చేయడం. ఒక్క ఫోన్ కలిస్తే సగం సస్పెన్స్ అయిపోతుంది కాబట్టి. దోర్నాలలో ఆ రాత్రి సిగ్నల్ ఫుల్లుగానే ఉంది. లైన్ తెంపింది నేను.

సినిమా మాత్రం సూపర్, తప్పకుండా చూడండి. మధ్యలో ఎవరైనా ఫోన్ అడిగితే పాజ్ కొట్టండి. భయమైతే నంబరు మీరే కొట్టి, స్పీకర్ పెట్టి, ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి. రెండు నిమిషాలు. హంతకుడు ఎక్కడికీ పోడు.