అద్దాలతో ఆగితే సరిపోదు

మా పెదనాయనకు షుగరు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. కంటి వెలుగు శిబిరంలో ఇచ్చిన అద్దాలు పెట్టుకుని పేపరు చదువుతున్నానని ఫోన్‌లో ఎంత సంబురంగా చెప్పాడో! ఏడాది తర్వాత ఒక కన్ను మసకబారితే, నంబరు మారిందేమో అనుకుని ఊరుకున్నాడు. డాక్టరు చూసేసరికి రెటీనా వాచి ఉంది. నెలకో సూది కంట్లో వేయాలన్నారు. రెండు వేయించుకుని మానేశాడు. "నీ పైసలు ఇంకెన్ని నా కంట్ల పోస్తవ్ బిడ్డా" అన్నాడు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన ఆ పథకం గురించి మనం ఇక్కడ లండన్‌లో గర్వంగా చెప్పుకున్నాం. తప్పేం లేదు. ఊరూరికీ కంటి పరీక్ష పోవడం చిన్న పని కాదు. కానీ షుగరు వల్ల రెటీనాకు వచ్చే జబ్బు అద్దాలకు లొంగదు. మొదట్లో నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టూ తెలియదు. కంటి లోపలి ఫొటో తీస్తేనే బయటపడుతుంది. బ్రిటన్‌లో 12 ఏండ్లు నిండిన ప్రతి షుగరు రోగినీ ఎన్‌హెచ్‌ఎస్ ఉత్తరం రాసి మరీ ఆ ఫొటోకు పిలుస్తుంది.

ఖర్చెవరు భరిస్తారంటారా? ఈ దేశమూ ఆ పంచాయితీ పడ్డదే. 2018లో ఇక్కడి పట్టీ ధరల్లో లూసెంటిస్ ఒక సూది 551 పౌండ్లు, ఐలియా 816 ఉండేవి. క్యాన్సర్ మందు అవాస్టిన్‌ను చిన్న డోసులు చేస్తే అప్పట్లో 28 అయ్యేది. వయసుతో వచ్చే రెటీనా జబ్బులో లూసెంటిస్, అవాస్టిన్ దాదాపు ఒకేలా పనిచేస్తాయని అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జరిగిన పరిశోధన 2011లోనే తేల్చింది. ఉత్తర ఇంగ్లండ్‌లో 12 ప్రభుత్వ ఆరోగ్య బృందాలు రోగులకు ఈ చవక మందు కూడా ఇస్తామంటే నొవార్టిస్, బేయర్ కోర్టుకెక్కాయి. 2018లో హైకోర్టులో ఓడాయి, 2020లో అప్పీలులోనూ ఓడాయి. అందరికీ ఒకటే మందు అనడం లేదు. చూపు బాగా తగ్గిన షుగరు కళ్లకు ఐలియా మెరుగని 2015లో వచ్చిన పరిశోధన చెప్పింది. అవాస్టిన్ సీసాను శుభ్రత లేనిచోట విడగొడితే ఒకేసారి పదిమంది కళ్లకు ముప్పు.

అందుకే ఆ పని ప్రభుత్వ ఫార్మసీలోనే, పద్ధతిగా జరగాలి. జిల్లా ఆసుపత్రిలో షుగరు ఓపీ పక్కనే రెటీనా కెమెరా ఉండాలి, సూది ఉచితంగా దొరకాలి. మన సంఘాలు అద్దాలు పంచి ఫొటోలు దిగడం కొంచెం తగ్గించి, ఈ మూడింటి కోసం మన ఎమ్మెల్యేలను అడగాలి. లండన్ వచ్చినప్పుడు శాలువాలు కప్పుతాం కదా, అప్పుడే అడుగుదాం.

పెదనాయనను ఎట్లనో ఒప్పించాను. సోమవారం మూడో సూది. ఆ రోజు ఆయన వెనుక లైన్లో నిలబడి అద్దాలు తెచ్చుకున్న షుగరు మనుషులకు లండన్‌లో కొడుకులు లేరు.