వంటయింటి యింగ్లీషునకు ప్రభు వెవరు?

ఇంగ్లీషుభాష యొక్కటియే యనియు, దాని సరియైన రూపము లండనునందు మాత్రమే యున్నదనియు మన విద్యావంతులలో పెక్కుర నమ్మకము. న్యాయస్థానములలోను కళాశాలలలోను ఈ నమ్మకము చెల్లిన చెల్లునేమో గాని, వంటయింటి గడప దాటినంతనే యది నిలువజాలదు.

వంకాయ మాట చూడుడు. దానిని ఇంగ్లండువారు ఓబర్జీన్ అందురు. అమెరికావారును ఆస్ట్రేలియావారును ఎగ్‌ప్లాంట్ అందురు. కోడిగ్రుడ్డువలె తెల్లని చిన్నకాయలు గాచు జాతిని జూచి పెట్టిన పేరది. మన దేశపు టింగ్లీషున నది బ్రింజాల్. ఈ మాట పలుకుటకు సిగ్గుపడి మన నాగరికులు కొందరు విందుపట్టికలలో ఓబర్జీన్ అని వ్రాయించుచున్నారు. బ్రింజాల్ పోర్చుగీసువారి మూలమున వచ్చినది, ఓబర్జీన్ ఫ్రెంచివారి మూలమున వచ్చినది. రెండును అరబ్బుల బాదింజాన్ శబ్దమునుండి పుట్టినవే. పారసీకము మీదుగా దానికిని మూలము మన సంస్కృతమందలి వాతింగణ శబ్దమని భాషావేత్తలు చెప్పుదురు. ఒక్క తల్లి బిడ్డలలో నొకతెను రాణిగాను, వేరొకతెను దాసిగాను ఎంచుట యెక్కడి న్యాయము?

అమెరికావారు 1776లో ఇంగ్లండు రాజును కాదనిరి. 1828లో నోవా వెబ్‌స్టరు వారికి స్వంత నిఘంటువు నొసగెను. అయినను వారి వంటపేర్లు పండితులు పెట్టినవి కావు, వలసవచ్చిన జనులు తెచ్చినవి. న్యూయార్కు 1664 వరకు డచ్చివారి పట్టణము. కుకీ యను మాట వారిదే. ఇంగ్లండువారి బిస్కత్తే యది. అమెరికాలో బిస్కత్తు కోరినచో మెత్తని వేడిరొట్టె వడ్డింతురు! కొత్తిమీరాకునకు స్పానిషు పేరైన సిలాంట్రో వచ్చి చేరగా, ధనియాలు మాత్రము కోరియాండరుగనే నిలిచినవి. కార్న్ అనగా ఇంగ్లండున ధాన్యము, అమెరికాలో మొక్కజొన్న. 1846లో రద్దయిన కార్ను చట్టములు మొక్కజొన్నకై పుట్టినవని భ్రమపడిన విద్యార్థిని మనము నిందింపలేము.

పేర్లతోనే పోయినదా? కొలతలును వేరు. పింటు ఇంగ్లండున 568 మిల్లీలీటర్లు, అమెరికాలో 473. టేబుల్‌స్పూను ఆ రెండు దేశములలోను 15 మిల్లీలీటర్లుండగా ఆస్ట్రేలియాలో 20. ఆ చెంచాతో అమెరికా పుస్తకము చెప్పినట్లు ఉప్పు వేసినచో కూర నోట బెట్టరాదు.

ఇన్ని భేదములున్నను వారిలో నెవ్వరును లజ్జింపరు. ఒకరి వాడుకను జూచి తమ వాడుకను దిద్దుకొనరు. బెంగుళూరు మిరపను ఆస్ట్రేలియావారు మనవలెనే క్యాప్సికమ్ అందురు. ఆ మాట వారి నోట సరియై, మన నోట తప్పగునా? 1947లో రాజ్యము విడిచిపోయినవారు మన విందుపట్టికలపై నధికారమును వెంట దీసికొనిపోలేదు కాబోలు.

ఇంగ్లండునందలి భారతీయ భోజనశాలల పట్టికలలో బ్రింజాల్ భాజీ యని యచ్చొత్తి యుండును. ఆంగ్లేయులు దాని నా పేరుతోనే యడిగి తినుచున్నారు. ఆ కూరయే మన నగరముల పెద్ద హోటళ్లలో ఓబర్జీన్ వేషము వేసికొనవలసి వచ్చుచున్నది.