వాడను చీల్చే గీత

పురపాలక ఎన్నిక పోలింగ్ రోజున మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి అది వార్డుల హద్దులు గీసే బల్ల మీదే మొదలవుతుంది. ఏ వీధి ఏ వార్డులోకి వెళ్లాలో, దాంతోపాటు ఏ వాడ మాటకు విలువ ఉంటుందో అక్కడే చాలావరకు తేలిపోతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల దళితులు ఈ గీతలను ఎందుకు పట్టించుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

2008 పునర్విభజనలో ఉమ్మడి కడప జిల్లాకు దక్కిన 10 శాసనసభ స్థానాల్లో ఎస్సీలకు రిజర్వు అయినవి బద్వేలు, రైల్వేకోడూరు మాత్రమే. ఈ మూడు పట్టణాల నియోజకవర్గాలూ జనరల్. జనరల్ స్థానంలో దళితునికి ప్రధాన పార్టీల టికెట్టు దక్కడం ఎంత అరుదో వేరే చెప్పనక్కర్లేదు. కనుక ఇక్కడి దళితులకు అందుబాటులో ఉన్న సభ పురపాలక సంఘమే.

రాజ్యాంగ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు నన్ను తరచూ అడుగుతారు: 74వ సవరణ తెచ్చిన 243-టి అధికరణం జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు ఇస్తోంది కదా, ఇక గీతతో పనేమిటని. రిజర్వుడు వార్డులను వంతులవారీగా మార్చడానికి అదే అధికరణం వీలిస్తుంది. ఈసారి రిజర్వు అయిన వార్డు మరోసారి జనరల్ కావచ్చు. వాడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఉదాహరణకు 3,000 ఓటర్ల వార్డును ఊహించుకుందాం. అందులో 1,500 ఓట్లున్న వాడ మొత్తం ఒకేచోట ఉంటే, సీటు రిజర్వు అయినా కాకున్నా ఆ గడప తొక్కకుండా ఎవరూ గెలవలేరు. అదే వాడను అలాంటి మూడు వార్డులకు పంచితే ఒక్కోచోట 500 ఓట్లు, అంటే ఆరో వంతు మిగులుతుంది. అప్పుడు రిజర్వుడు వార్డులో గెలిచిన దళిత కౌన్సిలరు సైతం ఇతరుల ఓట్ల దయ మీదే ఆధారపడాలి. 1932 పూనా ఒప్పందం తర్వాత అంబేడ్కర్ పదేపదే ఎత్తిచూపిన చిక్కు ఇదే.

2021లో పులివెందుల పురపాలక సంఘంలో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. పోటీయే జరగని చోట సొంత అభ్యర్థిని నిలబెట్టాలంటే వాడ అంతా ఒక్కటిగా ఉండాలి. ముక్కలైన వాడకు ఆ ధైర్యం ఎక్కడిది?

ఈ ఎత్తుగడ ఇతర దేశాల్లోనూ ఉంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో లాటినో ప్రజలను వేర్వేరు నియోజకవర్గాలకు పంచి బలహీనపరిచారని 1990లో ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. గీతలు మార్చి ఎన్నిక జరిపితే 1991లో గ్లోరియా మొలీనా ఆ కౌంటీ పాలకమండలికి ఎన్నికయ్యారు. వారికి 1965 నాటి ఓటు హక్కుల చట్టం అండగా నిలిచింది. మనకు అలాంటి అండ లేదు. పైగా 243-జెడ్‌జి అధికరణం వార్డుల విభజన చట్టాలను న్యాయస్థానాల్లో ప్రశ్నించడానికి వీల్లేదంటుంది.

వాడను కలిపి ఉంచడం కుల గోడను గట్టిపరచడం కాదా అని కొందరు మిత్రులు ప్రశ్నిస్తారు. వాడను ఊరికి దూరంగా నెట్టింది కులం. వార్డు గీత దాన్ని చీల్చినంత మాత్రాన ఆ దూరం తగ్గదు, ఓటు బలం మాత్రమే తగ్గుతుంది. అయితే దూరదూరంగా ఉన్న వాడలన్నిటినీ ఒకే వార్డులో కుక్కి, మిగతా వార్డుల్లో దళితుల ఊసే లేకుండా చేయడమూ అన్యాయమే. ఒకే కొళాయి, ఒకే బడి, ఒకే రేషన్ దుకాణం, ఒకే శ్మశానం ఉన్న వీధులను విడదీయకూడదు. ముస్లిం మొహల్లాలకూ, మగ్గాల వీధులకూ ఇదే కొలత వర్తించాలి.

2027 జనగణనలో కులాల లెక్కా రానుంది. ఆ లెక్కలతో వార్డులు తిరగగీసే రోజు వస్తుంది. ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలకు గడువు కొద్ది రోజులే ఉంటుంది. దళిత సంఘాలు, విద్యార్థులు ఆ పటాన్ని తెచ్చుకుని వీధి వీధీ తిరిగి సరిచూసుకోవాలి. చీలిన చోటల్లా రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేసి రసీదు తీసుకోవాలి. గీత ఖరారయ్యాక చేసే పది ధర్నాల కన్నా గడువులోగా ఇచ్చే ఒక్క అర్జీ మేలు.